వేళ్ల పనికి లిపి

గిటార్ టాబ్ రాగం గురించి మాట్లాడే ముందు చేతి గురించి మాట్లాడుతుంది. స్టాఫ్ నొటేషన్ ఏ స్వరం వినిపించాలో చెబుతుంది. టాబ్ మాత్రం ఏ తీగ మీద, ఏ మెట్టు దగ్గర వేలు ఉంచాలో చెబుతుంది. ఆరు గీతలు ఆరు తీగలు. అన్నిటికన్నా సన్నని తీగ పై గీత. గీత మీది అంకె మెట్టు సంఖ్య, సున్నా ఉంటే తీగను నొక్కకుండా మీటాలి. యూరప్‌లో ల్యూట్ వాయించేవాళ్లు ఈ దారినే నడిచారు. వెనిస్‌లో పెట్రూచ్చి 1507లోనే ల్యూట్ టాబ్ అచ్చు వేశాడు. ఆ పాత రాతను కంప్యూటర్ మీదికి తెచ్చిన వాటిలో 1997లో ఫ్రాన్స్‌లో పుట్టిన గిటార్ ప్రోది పెద్ద పేరు. టక్స్‌గిటార్, మ్యూజ్‌స్కోర్ ఉచితంగా దొరుకుతాయి. ఈ ఎడిటర్లలో దాగిన పనితనాన్ని దగ్గరగా చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముంబై–నాసిక్ రహదారి మీది మాన్కోలి దాటి భివండీలోకి వెళ్తే, చేతి పనినే రాసే ఈ తర్కం ముందే తెలిసిన తెలుగువాళ్లు కనిపిస్తారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వచ్చి పద్మనగర్‌లో స్థిరపడిన పద్మశాలీలు సాంచాల (మరమగ్గాల) మీద బతికినవాళ్లు. డాబీ సాంచా లాటిస్‌లోని పెగ్గులు గుడ్డ మీది పువ్వును బొమ్మగా చూపించవు. ప్రతి పేక పోగుకూ పడుగును లేపే ఏ హీల్డ్ ఫ్రేము లేవాలో మాత్రమే చెబుతాయి. ఆ వరుస తప్పకుండా జరిగితే పువ్వు దానంతట అదే వస్తుంది. టాబ్ కూడా అంతే: చేయాల్సిన పనిని రాస్తుంది, ఫలితాన్ని చేతికి వదిలేస్తుంది.

ఎడిటర్లలో మొదట కార్డుల సంగతి, అంటే కొన్ని స్వరాలను కలిపి మోగించే పట్ల సంగతి. పాటల పుస్తకంలో సాహిత్యం పైన ‘సి మేజర్’ అని రాసి ఊరుకుంటే, వాయించేవాడి ముందు ఎన్నో దారులుంటాయి. మెడ మొదట్లో పట్టుకుంటే టాబ్‌లో పై నుంచి కిందికి 0, 1, 0, 2, 3 వస్తాయి, ఆరో గీత ఖాళీ. 3వ మెట్టు దగ్గర బారె వేస్తే, అంటే ఒకే వేలిని తీగల మీద అడ్డంగా నొక్కితే, 3, 5, 5, 5, 3. 8వ మెట్టుకు పోతే 8, 8, 9, 10, 10, 8. పేరు ఒకటే, గొంతులు మూడు. మొదటిది విప్పారి మోగుతుంది, రెండోది గట్టిగా బిగిసి ఉంటుంది, మూడోదానికి ఆరో తీగ బరువు తోడవుతుంది. గిటార్ ప్రో కార్డు కిటికీలో మూల స్వరాన్నీ రకాన్నీ ఎంచుకుంటే ఈ పట్లన్నీ చుక్కల బొమ్మలుగా ముందుకొస్తాయి. వాటిలో ఒకదాన్ని ఎంచుకోవచ్చు, కొత్తది గీసుకోవచ్చు. ఎంచుకోవడం రాసేవాడి రుచి. దాన్ని తప్పుకు తావు లేకుండా పదిలం చేయడం పరికరం వంతు.

అలా రాసిన కార్డుకు బ్రష్ గుర్తు పెడితే తీగలన్నీ ఒక్కసారి కాకుండా ఒకదాని వెంట ఒకటి మోగుతాయి. చెయ్యి కిందికి వెళ్లిందా, పైకి వచ్చిందా అన్నది బాణం చెబుతుంది. మామూలు అక్షరాలతో టైపు చేసే టాబ్‌లో స్వరం ఎంతసేపు నిలవాలో సాధారణంగా తెలియదు. ఎడిటర్‌లో ప్రతి అంకెకూ కాలం ఉంటుంది. తాళానికి లెక్క సరిపోని బార్‌ను గిటార్ ప్రో ఎర్రగా చూపిస్తుంది. ఇంత కచ్చితంగా గణించి పెట్టడం పాట మీది గౌరవమే.

అసలు అందం స్వరాన్ని పలికించే తీరులో ఉంది. చిన్న అంకెను తర్వాతి పెద్ద అంకెతో ఒక వంపు గీతతో కలిపితే హ్యామర్-ఆన్: రెండో స్వరాన్ని కుడి చెయ్యి మీటదు, ఎడమ వేలు తీగ మీద పడటంతోనే అది పుడుతుంది. వాలు గీత పెడితే వేలు జారాలి. అలల గీత పెడితే స్వరం వణకాలి. ఇంటూ గుర్తు పెడితే తీగ మూగబోయి దెబ్బ మాత్రమే వినిపించాలి. వీటన్నిటిలో నేను ఎక్కువసేపు ఆగేది తీగను లాగే ‘బెండ్’ దగ్గర. ఆ గుర్తు కోసం ఒక చిన్న గడుల పటం తెరుచుకుంటుంది. అడ్డంగా కాలం, నిలువుగా శ్రుతి. బిందువులు పెట్టుకుంటూ పోతే తీగ ఎప్పుడు బిగియాలి, ఎంత పైకి పోవాలి, అక్కడ ఎంతసేపు ఉండాలి, ఎప్పుడు సడలాలి అన్నది ఒక రేఖగా తేలుతుంది. నిలువు కొలతలో అరస్వరంలో సగం కూడా దొరుకుతుంది. ఒక్క స్వరం లోపల జరిగే ప్రయాణానికి ఇంత చోటు ఇచ్చినవాళ్లు సంగీతాన్ని నిజంగా విన్నవాళ్లు.

తెలుగులో ఈ శ్రద్ధకు గొప్ప పూర్వీకుడు ఉన్నాడు. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని వెలువరించారు. కర్ణాటక సంగీతాన్ని పాశ్చాత్య నొటేషన్‌లో రాసిన చిన్నస్వామి ముదలియార్ ప్రోత్సాహం దాని వెనుక ఉంది. ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలు 229 అందులో ఉన్నాయి. స్వరాక్షరాలతో తృప్తిపడక, స్వరాన్ని కదిలించే ప్రతి గమకానికీ ఒక గుర్తు ఏర్పరిచారు ఆయన. కంపితానికి అలల గీత, ఎక్కే జారుకు ఎగువకు వాలిన గీత, దిగే జారుకు దిగువకు వాలిన గీత, స్ఫురితానికి మూడు చుక్కలు. ఈనాటి టాబ్‌లో వణుకుకూ జారుడుకూ ఉన్న గుర్తులు సరిగ్గా ఇవే. చేతి కదలిక ఏ దిక్కుకు పోతుందో ఆ దిక్కే గీత అయింది.

అందుకే టాబ్ ఎడిటర్‌లో వీణను రాయడం నాకు చాలా సహజంగా తోస్తుంది. వీణకు వాయించే తీగలు నాలుగు, మెట్లు 24. నాలుగు తీగల ట్రాక్ తెరిచి, పై నుంచి కిందికి స, ప, స, ప గా శ్రుతి మార్చుకుంటే గీతలు సిద్ధం. పై గీత అయిన సారణి తీగ మీద 1వ మెట్టు శుద్ధ రిషభం, 3వది సాధారణ గాంధారం, 5వది శుద్ధ మధ్యమం. తోడి రాగంలో గాంధారాన్ని ఉత్త ‘3’ అని రాస్తే తోడి పలకదు. ఆ స్వరం రిషభ మధ్యమాల నడుమ ఊగుతుంది. 1వ మెట్టు మీద వేలుంచి, బెండ్ పటంలో రేఖను నాలుగు అరస్వరాల ఎత్తు దరిదాపుల దాకా లేపి దించి మళ్లీ లేపితే, ఆ ఊగు ఆకారం కంటికి కనిపిస్తుంది. అంకె రిషభానిది, వినిపించేది గాంధారం. అంకెనూ వంపునూ కలిపి చదివితేనే రాగం అర్థమవుతుంది.

ఆ రేఖ గురువు చేతికి సాటి రాదు. బిందువుకూ బిందువుకూ మధ్య చెయ్యి ఎంత మెల్లగా బయలుదేరి ఎంత వడిగా చేరుతుందో వినికిడితోనే పట్టుబడుతుంది. అయితే గురువు అందుబాటులో లేని చోట, సాంచాల చప్పుడు నడుమ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నేర్చుకునే పిల్లకు, ఎక్కడ వెతకాలో చూపే రాత చాలా విలువైనది. తెలుగు పాటను టాబ్‌లోకి ఎక్కించేవాళ్లు అంకెల దగ్గర ఆగకుండా జారును, కంపితాన్ని, తీగ లాగుడును, కార్డు పట్టును కూడా రాయాలి. ఒక్క పాటకు మరికొంత సమయం పడుతుంది. ఆ సమయం పెట్టినవాళ్ల రాతలోంచే మరో చెయ్యి పాటను దాని వంపులతో సహా అందుకోగలదు.