అమ్మ పుట్టింటి పేరు

మొన్నామధ్య మా కాలేజీలో కంప్యూటర్ భద్రత మీద ఒక సదస్సు పెట్టారు. వచ్చినవాళ్ళందరికీ 'తరచుగా అడిగే ప్రశ్నలు' అని ఎనిమిది పేజీల పుస్తకం పంచారు. సాహిత్యం చెప్పుకుని బతికేదాన్ని కనక ఏ పుస్తకం చేతికొచ్చినా ఇది ఎవరు ఎవరితో మాట్లాడుతున్న మాట అని వెతకడం నాకలవాటు. పాస్‌వర్డ్ ఎంత పొడుగుండాలి, తెలియనివాళ్ళు పంపిన లింకు నొక్కవచ్చా, నెట్ సెంటర్లో బ్యాంకు ఖాతా తెరవవచ్చా... ఇలాంటివి ఇరవై దాకా ఉన్నాయి. జవాబుల్లో తప్పులేమీ లేవు. కానీ ఎనిమిది పేజీల్లోనూ దొంగ ఎప్పుడూ బయటివాడే. ముఖం తెలియనివాడు, ఎక్కడో దూరాన కూర్చున్నవాడు. ఇల్లు మాత్రం సురక్షితం. పాస్‌వర్డులు మర్చిపోయేవాళ్ళు కాగితం మీద రాసి ఇంట్లో నమ్మకమైన వ్యక్తికి ఇవ్వాలని కూడా సలహా చెప్పారు. ఈ పుస్తకం రాసినవాళ్ళ ఊహలో పాఠకుడు ఇంటి యజమాని అని నాకక్కడ అర్థమైంది.

2004లో నేను మొదటిసారి ఈమెయిల్ ఖాతా తెరిచాను. పాస్‌వర్డ్ మర్చిపోతే గుర్తుపట్టడానికి అదొక ప్రశ్న అడిగింది: మీ అమ్మగారి పుట్టింటి పేరేమిటి? నాకు నవ్వొచ్చింది. నాది మేనరికం. అమ్మ పుట్టింటి పేరే నా అత్తింటి పేరు. మా గేటు పక్క పలక మీద, కరెంటు బిల్లు మీద, నా పేరుకి ముందూ ఉన్నది అదే. మరేం రాయాలో తోచక దాన్నే రాశాను. కొన్ని నెలల తర్వాత ఒకరోజు పాస్‌వర్డ్ పనిచెయ్యలేదు. నేనే మర్చిపోయాననుకుని అదే ప్రశ్నకి అదే జవాబిచ్చి కొత్తది పెట్టుకున్నాను. ఆ రాత్రి భోజనాల దగ్గర బావ, "మా అమ్మని కథలోకి లాగి ఏం సాధిద్దామని?" అన్నాడు. అత్త గురించి రాసిన ఆ కథ అప్పటికి ఎవరికీ చూపించలేదు. పత్రికకి పంపాలా వద్దా అని ఊగిసలాడుతూ మెయిల్లోనే డ్రాఫ్టుగా ఉంచుకున్నాను. బావ ఏ తాళమూ పగలగొట్టలేదు. తన ఇంటిపేరు తను రాసుకున్నాడు, అంతే. నేను కథ చెరిపేశాను. మళ్ళీ రాయలేదు.

ఈ ప్రశ్నకి పెద్ద చరిత్రే ఉంది. 1906లో బాల్టిమోర్ బ్యాంకరొకాయన తన తోటి బ్యాంకర్ల సభలో మాట్లాడుతూ, ఖాతాదారుల సంతకంతో పాటు తల్లి పుట్టింటి పేరు కూడా రాయించుకుంటామని వివరించాడు. అది రహస్యంగా ఎందుకు పనికొచ్చింది? పెళ్ళితో ఆడమనిషి పేరు ఎటూ చెరిగిపోతుంది గనక. ఒక స్త్రీ అస్తిత్వం మాసిపోయిన చోటునే వాళ్ళు ఇనప్పెట్టెగా వాడుకున్నారు. అది మనదాకా వచ్చేసరికి రహస్యం కూడా కాకుండా పోయింది. మన ఇళ్ళలో తల్లి పుట్టింటి పేరు తెలియని చుట్టమెవరు? మేనమామనో ఆయన కొడుకునో చేసుకున్న నాలాంటి వాళ్ళకైతే జవాబు గుమ్మం మీదే ఉంటుంది. ఇలాంటి ప్రశ్నలు గుర్తింపుకి పనికిరావని అమెరికా ప్రమాణాల సంస్థ 2017లో పక్కన పెట్టింది. తేలిగ్గా ఊహించవచ్చు, వెతికి పట్టుకోవచ్చు అన్నది కారణం. అక్కడా ఊహించేవాడు పరాయివాడే!

సదస్సులో డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె లేచి, "వాట్సాప్‌లో రాసింది ఎవరూ చదవలేరంటారు కదా సార్, మరి మా అన్నయ్యకి అన్నీ ఎలా తెలుస్తున్నాయి?" అని అడిగింది. హాలంతా నవ్వింది. వక్త ఎన్‌క్రిప్షన్ లెక్కలు మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. ఆయన చెప్పింది నిజమే. 2016 నుంచి ఆ సందేశాలు ఈ కొసన తాళం పడి ఆ కొసన మాత్రమే తెరుచుకుంటాయి. నడుమ కంపెనీ అయినా, ఫోను సంస్థ అయినా, ప్రభుత్వమైనా చూసేది అర్థంకాని అక్షరాల గుట్టే. ఉద్యమాల్లో ఉన్న స్త్రీలకి, పాత్రికేయులకి ఇది చిన్న సంగతి కాదు. నేను దాన్ని తక్కువ చెయ్యను. కానీ ఆ 'కొస' ఏమిటి? ఆ పిల్ల చేతిలో ఉన్న ఫోను. అది కొన్నది అన్న. సిమ్ అన్న పేరు మీద ఉంది. లాక్ తీసే వేలిముద్రల్లో అన్న వేలూ ఉంది. తన కంప్యూటర్ తెర మీది చదరపు గుర్తుని ఒక్కసారి ఆ ఫోనుతో స్కాన్ చేసుకుంటే చాలు, చెల్లెలి మాటలన్నీ ఇంకో తెర మీద కూడా తెరుచుకుంటాయి. రెండో తాళంగా ఓటీపీ పెట్టుకోమంటారు. ఆ నంబరు ఎవరి జేబులో మోగుతుందని ఎవరూ అడగరు.

రాస్‌సుందరీ దేవి గుర్తొచ్చింది. 19వ శతాబ్దపు బెంగాలులో చదువు పాపమని నమ్మిన ఇంట్లో ఆమె ఒక పుస్తకం నుంచి ఒక ఆకు తీసుకుని, వంటింట్లో దాచుకుని అక్షరాలు కూడబలుక్కుంది. మగవాళ్ళు అడుగుపెట్టని వంటిల్లు ఆమెకి చెరా, తాళమూ రెండూ అయింది. ఫోనులో అలాంటి మూల ఏదీ?

చట్టమేమన్నా ఆ మూల చూపిస్తుందా? 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఏ. చౌదరి, ఇష్టంలేని భార్యని కాపురానికి పంపే సెక్షన్ ఆమె ఏకాంతాన్ని ఉల్లంఘిస్తుందని కొట్టేశారు. మరుసటి ఏడే సుప్రీంకోర్టు ఆ తీర్పు సరికాదంది. భార్య ఇతరులతో ఫోనులో మాట్లాడిన మాటలు ఆమెకి తెలియకుండా రికార్డు చేయడం చట్టవిరుద్ధమన్న మన హైకోర్టు తీర్పొకటి 2008 నాటి లా రిపోర్టుల్లో ఉంది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కన్నారు. అందులోనే గోప్యత పేరుతో పితృస్వామ్యాన్ని కప్పిపుచ్చరాదన్న స్త్రీవాద విమర్శనీ ప్రస్తావించారు. ఎంత సంతోషించానో! తీరా 2025 జూలైలో, భర్త రహస్యంగా రికార్డు చేసిన భార్య మాటలు విడాకుల కేసులో సాక్ష్యంగా పనికొస్తాయని సుప్రీంకోర్టు తేల్చింది. దీనివల్ల నిఘా పెరగదా అంటే, నిఘా పెట్టుకునేదాకా వచ్చిందంటే ఆ కాపురం అప్పటికే విరిగిందన్న మాట, అంది. మా ఇంట్లో ఏదీ విరగలేదు. కథ ఒక్కటే పోయింది.

సదస్సయ్యాక ఆ అమ్మాయి నా గదికొచ్చింది. ఇద్దరం కలిసి ఫోనులో జతపడ్డ పరికరాల జాబితా తెరిచాం. ఒక కంప్యూటర్ ఉంది. పుస్తకమైతే వెంటనే తీసెయ్యమంటుంది. తీసేస్తే అన్నకి ఆ సాయంత్రమే తెలుస్తుంది, ఇంట్లో ఏమవుతుందో పుస్తకానికి పట్టదు. ముందు ఎవరికి చెప్పాలి, అవసరమైతే ఏ రాత్రి ఎవరింటికి వెళ్ళాలి అన్నది ఇద్దరం గంటసేపు మాట్లాడుకున్నాం. జాబితా జోలికి ఆ రోజు పోలేదు.

వెళ్ళబోతూ, పోటీ పరీక్ష దరఖాస్తులో భద్రతా ప్రశ్న అడుగుతోంది మేడమ్, అమ్మ పుట్టింటి పేరు రాయనా అంది. అక్కడ నిజమే రాయాలని రూలేమీ లేదు, నీకు గుర్తుండే అబద్ధమేదైనా రాసుకో అన్నాను. కాసేపు ఆలోచించి ఏదో టైపు చేసింది. నేను చూడలేదు.