వైవిధ్య శిక్షణ: హక్కు నుంచి నైపుణ్యం దాకా

అమెరికాలో పెద్ద కంపెనీలలోను, ఆసుపత్రులలోను, విశ్వవిద్యాలయాలలోను పనిచేసే తెలుగువారికి వైవిధ్య శిక్షణ పరిచితమైన విషయమే. ఏడాదికొకసారి గంటసేపు వీడియో చూడడం, చివర కొన్ని ప్రశ్నలకు సరైన జవాబులు గుర్తించడం, ఒక సర్టిఫికెట్ పొందడంతో ఆ వ్యవహారం ముగుస్తుంది. దీనిని రూపొందించే సలహాదారులు వైవిధ్యం, తగవుల పరిష్కారం, నాయకత్వం అనే మూడింటినీ తరచు ఒకే సేవగా అమ్ముతారు. ఈ మూడింటి చరిత్రలు వేరు. అవి ఒకే మూటలోకి చేరే క్రమంలో ఏది మరుగున పడిందన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

మొదట ఉన్నది చట్టం. 1964నాటి పౌరహక్కుల చట్టంలోని ఏడవ అధ్యాయం జాతి, రంగు, మతం, లింగం, జాతీయ మూలం కారణంగా ఉద్యోగాలలో వివక్ష చూపడాన్ని నిషేధించింది. దాని అమలు కోసం ఏర్పడిన సమాన ఉద్యోగావకాశాల కమిషన్ 1965లో పని ప్రారంభించింది. ఈ చట్టం దృష్టిలో వివక్షకు గురైన వ్యక్తికి ఒక హక్కు ఉంది. దానిని ఉల్లంఘించిన యజమాని న్యాయస్థానంలో జవాబు చెప్పుకోవాలి. 1980లలో రేగన్ ప్రభుత్వం అఫర్మేటివ్ యాక్షన్ పట్ల విముఖత చూపిన తరువాత, కంపెనీల సిబ్బంది విభాగాలు అదే పనిని వ్యాపార ప్రయోజనాల భాషలో చెప్పడం మొదలుపెట్టాయి. 1987లో హడ్సన్ ఇన్‌స్టిట్యూట్ ప్రచురించిన ‘వర్క్‌ఫోర్స్ 2000’ నివేదిక, ఇకముందు ఉద్యోగాలలోకి కొత్తగా వచ్చేవారిలో స్త్రీలు, మైనారిటీలు, వలసవచ్చినవారే అధికంగా ఉంటారని చెప్పి ఆ భాషకు బలమిచ్చింది.

1990లో ఆర్. రూజ్‌వెల్ట్ థామస్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసం ఈ రంగానికి పునాది వంటిది. మైనారిటీలకు, స్త్రీలకు ప్రవేశం దొరుకుతున్నా వారు పై మెట్లకు చేరకుండా మధ్యలోనే ఆగిపోతున్నారని, దానికి కారణం సంస్థల స్వభావంలోనే ఉందని ఆయన వాదించారు. కొత్తగా వచ్చినవాడే పాత అచ్చులో ఒదగాలన్న ఆలోచనను ప్రశ్నించడం ఆ వ్యాసంలోని విలువైన అంశం. కానీ సంస్థను మార్చడం ఖర్చుతోనూ ఘర్షణతోనూ కూడిన పని. ఉద్యోగులకు శిక్షణ ఇప్పించడం సులువు. థామస్ సంస్థను అడిగిన మార్పును తరువాతి కాలపు శిక్షణ ఉద్యోగిని అడగసాగింది. ఒకరి హక్కుగా ఉన్నది మరొకరు నేర్చుకోవలసిన నైపుణ్యంగా మారింది.

తగవుల పరిష్కారానికి మూలాలు ఇంకా వెనక ఉన్నాయి. మేరీ పార్కర్ ఫాలెట్ 1925లో ఇచ్చిన ఉపన్యాసంలో తగవు తీరడానికి మూడు దారులు చెప్పారు: ఒకరి పెత్తనం, రాజీ, సమన్వయం. హార్వర్డ్ గ్రంథాలయంలో ఒకరు కిటికీ తెరవాలన్నారు; గాలి నేరుగా తగలడం ఇష్టంలేక ఫాలెట్ వద్దన్నారు. పక్కగదిలోని కిటికీ తెరవడంతో ఇద్దరికీ కావలసింది దక్కింది. ఉదాహరణ చక్కనిదే. అయితే ఆ గదిలోని ఇద్దరికీ ఒకరిపై ఒకరికి అధికారం లేదు. ఒకరి జీతం, పదోన్నతి, ఒక్కొక్కప్పుడు వీసా కూడా మరొకరి సంతకం మీద ఆధారపడిన చోట ఇదే పద్ధతిని వాడితే, వివక్ష గురించిన ఫిర్యాదు ‘మాటల్లో దొర్లిన అపార్థం’గా మారే ప్రమాదం ఉంది. అధికారం గురించి లోతుగా ఆలోచించిన ఫాలెట్‌ను ఇందుకు తప్పుపట్టలేము.

ఇక ఫలితాల సంగతి. అలెగ్జాండ్రా కాలెవ్, ఫ్రాంక్ డాబిన్, ఎరిన్ కెల్లీ 2006లో ప్రచురించిన అధ్యయనం 708 ప్రైవేటు సంస్థల మూడు దశాబ్దాల సమాచారాన్ని పరిశీలించింది. నిర్వాహకుల పక్షపాతాన్ని తగ్గించడానికి ఉద్దేశించిన శిక్షణ అన్నిటికన్నా తక్కువ ఫలితమిచ్చింది. సమానావకాశాల బాధ్యతను నిర్దిష్టంగా ఒక అధికారికో సంఘానికో అప్పగించడం ఎక్కువ ఫలితమిచ్చింది. నిర్వాహకులకు శిక్షణను తప్పనిసరి చేసిన సంస్థలలో ఐదేళ్ల తరువాత నిర్వాహక పదవులలో నల్లజాతి స్త్రీల వాటా సగటున 9 శాతం తగ్గిందని డాబిన్, కాలెవ్ 2016లో రాశారు. అంతర్గత పక్షపాతాన్ని కొలిచే పరీక్షలపై 492 అధ్యయనాలను కలిపి చూసిన 2019నాటి విశ్లేషణలో, ఆ పరీక్షలలో వచ్చిన మార్పు ప్రవర్తనలో మార్పుకు దారితీసినట్టు కనబడలేదు.

వైద్యరంగంలో దీనికి పోలిక ఉంది. శస్త్రచికిత్సకు ముందు బృందంలోని వారందరూ పేరు, బాధ్యత చెప్పుకోవడంతో సహా 19 అంశాలను సరిచూసుకునే పట్టికను ఎనిమిది నగరాల ఆసుపత్రులలో ప్రవేశపెట్టినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో తేలింది. ఒంటారియోలో ఈ పట్టిక అమలులోకి వచ్చిన 101 ఆసుపత్రులను 2014లో పరిశీలిస్తే, చెప్పుకోదగిన తగ్గుదల కనబడలేదు. కాగితం మీద గుర్తులు పెట్టడం ఒకటి, నర్సు ‘ఆగండి’ అన్నప్పుడు సర్జన్ ఆగడం మరొకటి. రెండవది జరగకపోతే మొదటిదానికి విలువ తక్కువ.

ఫలితం సందేహాస్పదమైనా ఈ శిక్షణ ఎందుకు సాగుతోందన్న ప్రశ్నకు జవాబు కొంత న్యాయస్థానాలలో దొరుకుతుంది. వేధింపులను నివారించడానికి తగిన జాగ్రత్త తీసుకున్నామని యజమాని చూపగలిగితే, కొన్ని సందర్భాలలో అది రక్షణ అవుతుందని సుప్రీంకోర్టు 1998లో చెప్పింది. నియమావళి, శిక్షణ ఉన్నాయని చూపడమే వివక్ష లేదనడానికి సాక్ష్యంగా చలామణి కావడాన్ని లారెన్ ఎడెల్మన్ విమర్శించారు. ఆ లెక్కన ఈ శిక్షణ తన పని చేస్తూనే ఉంది. అది కాపాడేది ఉద్యోగిని కాదు, సంస్థను.

తెలుగువారికి ఈ చర్చ దూరపు వ్యవహారం కాదు. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం సిస్కో మీద కులవివక్ష ఆరోపణతో దావా వేసింది. కంపెనీ ఆరోపణను ఖండించింది. ఇద్దరు పై అధికారుల మీద దావాను 2023లో ఆ విభాగమే ఉపసంహరించుకుంది. అదే ఏడాది సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నరు తిరస్కరించారు. ఈ వివాదంలో ఎవరి పక్షం వహించినా ఒక విషయం స్పష్టం. కంపెనీల వైవిధ్య పట్టికలలో భారతీయులందరూ ‘ఏషియన్’ అన్న ఒక్క గడిలో ఇముడుతారు. ఇంటిపేరూ ఊరూ అడిగి కులం ఆరా తీసే మన అలవాటు ఆ పట్టికకు అందదు. ఇద్దరు తెలుగు ఇంజనీర్ల మధ్య తగవును ఇద్దరు ఏషియన్ల మధ్య వ్యక్తిగత పొరపొచ్చంగా చూసే సలహాదారుకు అసలు ప్రశ్నే వినిపించదు.

2025 జనవరిలో కేంద్ర ప్రభుత్వ సంస్థలలో వైవిధ్య కార్యక్రమాలను రద్దుచేస్తూ అధ్యక్షుడి ఉత్తర్వులు వచ్చాయి. శిక్షణ ఫలించలేదన్న అధ్యయనాలు ఇటువంటి రద్దుకు వాదనగా పనికివస్తాయి. కానీ ఒక మందు పనిచేయలేదన్నంత మాత్రాన రోగం లేదని ఏ వైద్యుడూ నిర్ధారించడు. పైన చెప్పిన 2006 అధ్యయనమే బాధ్యతను అప్పగించిన చోట మార్పు వచ్చిందని కూడా చెబుతోంది. అందువల్ల సలహాదారును పిలిచే సంస్థ ఎందరు శిక్షణ పొందారని లెక్కపెట్టడం చాలదు. ఎవరికి పదోన్నతి దక్కింది, ఎవరి ఫిర్యాదు ఎక్కడ ఆగింది, ఫిర్యాదు చేసినవారు ఏడాది తరువాత ఏ స్థితిలో ఉన్నారు, వీటికి జవాబు చెప్పవలసిన అధికారి ఎవరు? ఈ లెక్కలు చూపగలిగిన సలహాదారుకే ఆ రుసుము న్యాయం.