మ్యాచ్‌కి ముందు ఉగ్గాని

పిల్లాపాపలతో అనంతపురానికి ఫుట్‌బాల్ చూడ్డానికి వచ్చేవాళ్లు ముందు ఉగ్గాని అంగడికి వెళ్లాలి. ఈ ఊరి మర్యాద తెలిసేది అక్కడే.

ఉగ్గాని చేయడం చూడ్డానికి తేలిక, చేతికి కష్టం. బొరుగుల్ని నీళ్లలో ముంచి వెంటనే పిండెయ్యాలి. కాస్త ఆలస్యమైతే ముద్దవుతాయి, తొందరపడితే నోట్లో గరగరమంటాయి. ఆ అదను అంగడి అక్క అరచేతికే తెలుసు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు తిరగమోతలో పసుపు పడగానే బొరుగులు వేసి కలియబెడుతుంది. దించేముందు పుట్నాల పొడి చల్లుతుంది. పక్కన వేడివేడి మిరపకాయ బజ్జి ఉండాల్సిందే.

బూట్లు మెడలో వేలాడేసుకొచ్చిన పిల్లలంటే ఆమెకు మరీ ప్రేమ. "తినప్పా, ఎండలో పరుగెత్తల్ల గదా!" అంటూ అడక్కుండానే ఇంకో గరిటె వేస్తుంది.

ఆ పిల్లలు బంతి వెంట పరుగెత్తడం వెనక ఒక సంస్థ ఉంది. వానలు తక్కువైన ఈ వేరుశనగ సీమలో 1969లో విన్సెంట్ ఫెర్రర్, అన్నే ఫెర్రర్ దంపతులు రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును స్థాపించారు. ఆ సంస్థ కట్టిన స్పోర్ట్స్ విలేజ్‌లో పల్లెటూళ్ల ఆడపిల్లలూ మగపిల్లలూ ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నారు. స్పెయిన్‌లోని ఫుట్‌బాల్ లీగ్ లా లిగా కూడా ఇక్కడి శిక్షణకు చేయూతనిచ్చింది.

గోల్ కొట్టిన బిడ్డకు అందరం చప్పట్లు కొడతాం. ఆ కాళ్లకు పొద్దున్నే సత్తువ పోసిన చేతులకూ అందులో వాటా ఉంది. కరువు నేలలో కడుపునిండా పెట్టడం గొప్ప పనితనం. దానికి నా నమస్కారం.