పిండిమర పక్కన ఒక మాట

మా మేనత్త ఇల్లు తెనాలి పక్క ఊళ్లో. వీధివైపు గదిలో పిండిమర, వెనక కాపురం. పొద్దున్న ఏడింటికి మావయ్య మోటారు వేశాడంటే భోజనాల వేళ దాకా గోడలు కూడా సన్నగా వణుకుతుంటాయి. అత్తయ్యకి కీళ్లవాతం. వేళ్లు వంకర తిరిగిపోయాయి. ఫోను పట్టుకోలేదు, పట్టుకున్నా వేలు ఆనాల్సిన చోట ఆనదు. మాటతో నడిచే ఫోను ఆవిడకి సరదా వస్తువు కాదు. దూరాన ఉన్న కొడుకుతో ఎవరి సాయమూ లేకుండా మాట్లాడాలంటే ఉన్న దారి అదే.

మాటని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించడం నా ఉద్యోగం. హైదరాబాదులో, మా ఏసీ గదిలో చక్కగా విన్న దాన్నే ఆవిడ ఫోన్లో పెట్టి వచ్చాను. వారం తిరక్కుండా మావయ్య ఫోను. "ఒరే అబ్బాయ్, మీ అత్తయ్య దానిమీద అరిచి అరిచి గొంతు బొంగురు చేసుకుందిరా. ఒక్క ముక్కా వినడంలేదు." నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. మేం గెలిచామనుకున్న పరీక్షలో అత్తయ్య లాంటి మనిషీ లేదు, అలాంటి ఇల్లూ లేదు.

వెళ్లాక ముందు ఏమీ ముట్టుకోలేదు, ఒక పూటంతా చూస్తూ కూచున్నాను. ఫోను గూట్లో ఉంది, అత్తయ్య మంచం మీద ఉంది. మధ్య దూరం మీటరున్నర పైనే. దూరం రెట్టింపైన ప్రతిసారీ నోటి నుంచి నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గిపోతుంది. మర చప్పుడు మాత్రం ఫోను ఏ మూల ఉన్నా ఇంచుమించు అంతే ఉంటుంది. అందుకని మొదట చేసిన పని ఒక చిన్న కాలరు మైకు తెచ్చి ఆవిడ పమిటకి పెట్టడం. మీటరున్నర కాస్తా జానెడయింది. దూరం మూడుసార్లు సగమైందంటే 18 డెసిబెల్స్ లాభం, అంటే మాట శక్తి 60 రెట్లకు పైగా పెరిగినట్టు. ఏ సాఫ్ట్‌వేరూ అంత లాభం ఇంత చవగ్గా ఇవ్వదు. 2018లో జరిగిన ఛైమ్ అనే పోటీ కోసం పరిశోధకులు నిజమైన ఇళ్లలో, భోజనాల దగ్గర జరిగిన కబుర్లు రికార్డు చేశారు. నిర్వాహకులే ఇచ్చిన నమూనా వ్యవస్థకి గదిలో దూరంగా పెట్టిన మైకులతో నూటికి సుమారు 80 తప్పులు వచ్చాయి. మనుషుల చెవుల దగ్గర పెట్టిన మైకులతో అవి 50 లోపుకి దిగాయి. ఇది చదివినవాణ్ణే, అయినా గూట్లో ఫోను పెట్టి వచ్చాను.

పమిట మీద మైకుతో మరో చిక్కు వచ్చింది. గంజి పెట్టిన నేతచీర కదిలినప్పుడల్లా మైకులో గరగర. రవిక మెడ అంచుకి మార్చాం. అత్తయ్య వేళ్లతో ఆ క్లిప్పు నొక్కలేదు. రోజూ పొద్దున్న మోటారు వేసే ముందు మావయ్యే వచ్చి పెడతాడు. సాయంత్రానికి ఆ నల్లటి మైకు మీద తెల్లగా పిండి పేరుకుని ఉంటుంది.

అయినా సగం మాటలు తప్పే వెళ్లాయి. అసలు సంగతి అప్పుడు నా చెవికి తగిలింది. ఆవిడ గొంతు మారిపోయింది. చుట్టూ రొద ఉంటే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లోనే రాశాడు. పెరిగేది బిగ్గరతనం ఒక్కటే కాదు. శ్రుతి పైకి పోతుంది, అచ్చులు సాగుతాయి. మన భాషలో అచ్చు సాగితే అర్థమే మారిపోతుంది కదా, పలక కాస్తా పాలక అవుతుంది. మేం ఆఫీసులో చేసేదేమిటంటే, నిశ్శబ్దంలో చదివించిన మాటలకి రకరకాల చప్పుళ్లు కలిపి యంత్రానికి నేర్పడం. అది పనికొచ్చే పద్ధతే, కాదనను. కానీ నిశ్శబ్దంలో పలికిన మాటకి మర చప్పుడు కలిపినంత మాత్రాన అది మర పక్కన పలికిన మాట అయిపోదు. రొద గాలిలోనే ఆగదు, మనిషి గొంతులోకి కూడా దిగుతుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఏదైనా ఉందంటే ఇదే. అప్పట్నుంచీ రికార్డింగుకి కూచోబెట్టినవాళ్ల చెవుల్లో ఆ చప్పుడు వినిపిస్తూ మాట్లాడమంటున్నాను.

అత్తయ్యతో మాత్రం, "అరవకు అత్తయ్యా, పక్కన కూచున్న మనిషికి చెప్పినట్టు చెప్పు" అన్నాను. "దానికి చెవుడు లేదంటావా?" అంది నమ్మలేక. మైకు దగ్గరికి వచ్చింది కాబట్టే ఆ మాట అనగలిగాను. లేకపోతే అరవడమే ఆవిడకి దిక్కు.

తర్వాత మాటల ఎంపిక. ఆన్, ఆఫ్ అన్న రెండింటికీ తేడా చివరి హల్లులోనే ఉంది. ఆ 'ఫ్' ఉత్త గాలి. మర రొదలో ముందు పోయేది అదే. "లైటు వెయ్యి", "లైటు తీసెయ్యి" అంటే అక్షరాల లెక్కే వేరు, ఒకటి పోయినా ఇంకోటి నిలుస్తుంది. అదీకాక ఇంట్లో అందరూ అనే మాటలే అవి.

మోటారు చప్పుడు ఒకే తీరుగా సాగుతుంది కాబట్టి దాన్ని యంత్రం కొంతవరకు అంచనా వేసి తీసేయగలదు. గడ్డు సమస్య మనుషులే. మర దగ్గర వరసలో నిలబడ్డవాళ్ల కబుర్లూ అత్తయ్య మాటలూ ఒకే రకం శబ్దాలు. ఒకసారి ఎవరి మాట పట్టుకుందో, ఎప్పుడో పరిచయమైన వాళ్లింటికి ఫోను వెళ్లిపోయింది. అత్తయ్య సిగ్గుతో రెండు రోజులు దాన్ని దగ్గరికి రానివ్వలేదు. అప్పుడే గట్టిగా నిర్ణయించుకున్నాను, అనుమానం వస్తే యంత్రం ఆగి అడగాల్సిందే. "అబ్బాయికి చెయ్యనా?" అని అడిగి, జవాబు విన్నాకే ఫోను కలపాలి. ఒక క్షణం ఆలస్యమైతే ఏం? ఆ మనిషి పరువు కన్నా ఆ క్షణం ఎక్కువా?

అడగడం మొదలుపెట్టాక తెలిసింది, అత్తయ్య జవాబు "ఊఁ". వద్దంటే "ఊహూఁ". పెదవులు కూడా సరిగా విప్పదు. ఆ ముక్కు శబ్దం ఉండేదంతా కింది స్వరాల్లో, మోటారు గుంయ్ మనేదీ అక్కడే. యంత్రం మోటారు చప్పుడు తీసేస్తే ఊఁని కూడా తుడిచేస్తుంది. "చెయ్యి" అనో "వద్దు" అనో చెప్పమని బతిమాలాను. నాలుగు రోజులు అంది, అయిదో రోజు మళ్లీ "ఊఁ". డెబ్బయ్యేళ్లుగా ఊఁ కొట్టిన మనిషి నాకోసం మారాలనడం నాకే న్యాయంగా తోచలేదు.

పోయిన శనివారం మళ్లీ వెళ్లాను. మర ముందు బల్ల వేసుకుని, పిండి పట్టించుకోవడానికి వచ్చినవాళ్లని ఒక్కొక్కరినే అడిగి, ఒప్పుకున్నవాళ్ల ఊఁలు, ఊహూఁలు రికార్డు చేసుకున్నాను. మధ్యాహ్నానికి 43 గొంతులయ్యాయి. లోపల మంచం మీంచి అత్తయ్య, మా కోసం మావయ్య మోటారు ఆపబోతుంటే, "ఆపొద్దండీ, నడవనివ్వండి" అని కేకేసింది.