స్వతంత్రవ్యాసము: సాక్షి నుండి సరిహద్దుపల్లె వరకు

మన సంఘముల సంచికలలో వ్యాసములకు కొరత లేదు. కొరత యెల్ల వానిని కడవరకు చదువు పాఠకులకే. శ్రీకృష్ణదేవరాయల ప్రశంసతో ఆరంభమై, భాషామాధుర్యమును గూర్చిన నాలుగు విశేషణములతో సాగి, కర్తవ్యబోధతో ముగియు వ్యాసమును పాఠకుడు మొదటి వాక్యముననే పోల్చుకొనును; పోల్చుకొని పుట త్రిప్పును. అందలి మాటలు అసత్యములని కాదు. అవి ఎవరి మాటలో తెలియకుండుటయే లోపము. పది సంచికలలోని పది వ్యాసములకు కర్తల పేర్లు తారుమారు చేసినను కనిపెట్టువారుండరు.

స్వతంత్రరచన యనగా ఎవ్వరును ఎన్నడును చెప్పని సంగతిని చెప్పుట యని కొందరి భ్రమ. అట్టి సంగతికై వెదకుచు కూర్చున్న రచయిత కలము కదల్పలేడు. లేదా వింతకై వింతను కల్పించి నవ్వులపాలగును. ఈ విషయమున మనకు మంచి నిదర్శనము పానుగంటి లక్ష్మీనరసింహారావుగారి ‘సాక్షి’. ఆ వ్యాసములు 1913 ప్రాంతమున సువర్ణలేఖా పత్రికలో మొదలై, అనంతరము ఆంధ్రపత్రికలో సాగినవి. వాని చట్రము పానుగంటివారి సొంతము కాదు. 1711 మార్చిలో లండను నగరమున స్టీలు, అడిసనులు ఆరంభించిన స్పెక్టేటరు పత్రికనుండి తెచ్చుకొన్నది. పేరు కూడ దానికి తెలుగు చేతయే. అచ్చట నొక సంఘము, ఇచ్చట నొక సంఘము. అచ్చట నొక వర్తకుడు, ఇచ్చట బొఱ్ఱయ్యసెట్టి. ఇంత అరువు తెచ్చుకొన్న రచనను అనుకరణ మని త్రోసివేయుట సులభము. కాని తెలుగు పాఠకుడు త్రోసివేయలేదు. ఏల?

ఆంగ్లపత్రికలోని స్పెక్టేటరు మౌని. కాఫీశాలలో మూల కూర్చుండి చూచునేగాని మాటాడడు. ఆతని మౌనమే ఆ రచనకు ప్రాణము. పానుగంటివారికి ఆ మౌని పనికిరాలేదు. ఆ కాలపు ఆంధ్రదేశమున లోకమంతయు సభావేదికలపైననే నడచుచుండెను: సంఘసంస్కారసభలు, నాటకసభలు, శతావధానసభలు. అందువలన ఆయన చూచు పనిని సాక్షికి విడిచి, పలుకు పనిని జంఘాలశాస్త్రికి అప్పగించెను. ఆ జంఘాలశాస్త్రి లేచి నిలిచినచో ఆపువారు లేరు. ఎత్తిపొడుచును, ఏడ్చును, నవ్వించును, ఒక్క మాటకు పది పర్యాయపదములు వర్షించును. ‘స్వభాష’ యను వ్యాసమున ఆంగ్లమోహితులైన విద్యావంతులను ఆతడు చెండాడిన తీరున అడిసను నీడ యెంతమాత్రమును లేదు. చట్రము విదేశమునుండి వచ్చినది, గొంతు ఇచ్చటిది. నా యభిప్రాయమున స్వతంత్రత ఆ గొంతులోనే యున్నది.

అయినను సాక్షిలో విసుగు పుట్టించు తావులు లేకపోలేదు. ఒక ఉపమానముతో తృప్తిపడక, వరుసగా ఆరింటిని గ్రుమ్మరించినపుడు పాఠకుడు మూడవదానితోనే అలసిపోవును. సభలో చెవికి హితమైనది అచ్చులో కంటికి బరువగును. కొన్ని సంస్కారములయెడ ఆయన చూపిన పరిహాసము నేడు కటువుగా తోచుటయు సహజము. కాని ఆ తప్పులు సైతము పానుగంటివారివే. వేరొకని తప్పులని పొరబడుటకు వీలులేదు.

ఈ ప్రసంగమును కెంచార్లహళ్ళి వంటి ఊరికి తెచ్చుటకు కారణము కలదు. 2007లో కోలారునుండి విడివడిన చిక్కబళ్ళాపుర జిల్లాలో, చింతామణి బాగేపల్లి ప్రాంతములయందు, తెలుగు ఇంటిభాష; కన్నడము బడిభాష. ఊరిపేర్లే ఆ సంగతి చెప్పుచున్నవి. ఒకటి బాగేపల్లి, ఒకటి కెంచార్లహళ్ళి: పల్లియు హళ్ళియు ఒక్కటే, పలుకు మారినది. ఇట్టిచోట తెలుగు చదువనేర్చిన యువకునికి మన సంచిక చేరినచో, అందు ఆతని యూరు లేదు, ఆతని మాట లేదు. తుంగభద్రాతీరపు సింహాసనము మాత్రము కలదు. ఆతడు రెండవ పుట త్రిప్పకున్న నింద ఎవరిది? కన్నడమున గోరూరు రామస్వామయ్యంగారు ‘హళ్ళియ చిత్రగళు’ వ్రాసి తన పల్లెను సాహిత్యమునకెక్కించెను. మన వ్యాసకర్త సింహాసనము దిగి అట్టి పల్లెకు రాకున్న, ఆ యువకుడు చదువుటకు మరల కన్నడమునకే పోవును. పోయినందుకు ఆతని తప్పు పట్టరాదు.

కైవారము చింతామణి తాలూకాలోనిదే. అచ్చటి నారాయణ తాతయ్య గాజులమ్ముచు తిరిగి, పిమ్మట యోగియై, తెలుగునను కన్నడమునను తత్త్వములు చెప్పెనని ప్రసిద్ధి. తెలుగు లిపి యెరుగనివారు సైతము వానిని పాడుకొందురు. ఆయనను గూర్చిన వ్యాసములో సాధారణముగా కనబడునది జన్మవృత్తాంతము, మహిమలు, నమస్కారము. గాజుల మలారము భుజమున మోసికొని గడపగడపకు తిరిగినవాని చెవి ఎన్ని పలుకుబడులను విన్నదో, ఆ వినికిడి ఆయన పదములలో ఎట్లు నిలిచెనో పరిశీలించువారు అరుదు. పరిశోధన యనిన నీరసమని భయపడనక్కరలేదు. మైసూరు మహారాజా కళాశాలలో దీర్ఘకాలము తెలుగు బోధించిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 1928లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు పక్షమున వేమననుగూర్చి చేసిన ఉపన్యాసములను చూడుడు. పుక్కిటిపురాణములను పక్కకునెట్టి, పద్యములను పట్టుకొని, ఎదుటివానితో సంభాషించునట్లు సాగిన రచన యది.

ఇక మాండలికము మాట. 1980ల నాడు నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారు ‘పచ్చనాకు సాక్షిగా’ యని ఆంధ్రజ్యోతిలో తన బాల్యమును, తన తల్లిని, తిరుపతి ప్రాంతపు పలుకుబడిలో వ్రాసినపుడు పాఠకులు ఎదురుచూచి చదివిరి. స.వెం. రమేశ్‌గారి ‘ప్రళయకావేరి కథలు’ పులికాటు సరస్సు తీరపు తెలుగును అట్లే అచ్చునకెక్కించినవి. ఇవి చూచి, నాలుగు యాసమాటలు చల్లినచో రచనకు జీవము వచ్చునని తలచుట మరియొక అనుకరణము. సాక్షి గ్రాంథికము, నామినిది పల్లెమాట, రెండును సజీవములే. భాషకంటె ముందు చూపు కావలెను.

చూచుటకు ఇచ్చట నేమి కలదందురా? శిడ్లఘట్ట పట్టుగూళ్ళ విపణికి ఈ చుట్టుపట్ల పల్లెలనుండి గూళ్ళు పోవును. పురుగు కుబుసము విడుచుటను రైతు ‘జ్వరము’ అనును. నాలుగు జ్వరములు దాటి, మరికొన్నాళ్ళు ఆకు తిని పండిన పురుగును వెదురుతో అల్లిన తట్టపైకెక్కించును. అది అచ్చట గూడు కట్టును. ఆ తట్ట పేరు చంద్రిక. మన ప్రబంధకవులు విరహిణులను వేపుటకు వాడిన మాట ఇంటి వసారాలో గోడకు ఆనించియున్నది. దానినిగూర్చి ఒక వ్యాసము మన సంచికలలో నేనింతవరకు చదువలేదు.