ఫియట్‌కు ప్రాణం రేకులోనే

పాత కారు కొనడానికి వెళ్ళినవాళ్ళు మొదట అడిగేది "స్టార్టవుతుందా?" అని. అమ్మేవాడికీ ఆ సంగతి తెలుసు. అందుకే పొద్దున్నే ఎక్కడినుంచో మంచి బ్యాటరీ తెచ్చి పెట్టి, కార్బురేటర్‌లో గుక్కెడు పెట్రోలు పోసి, మీరు వెళ్ళేసరికి బండిని వేడి వేడిగా ఉంచుతాడు. ఇంజన్ గుర్రుమనగానే కొనేవాడి మనసు కరిగిపోతుంది, బేరం ముగుస్తుంది. నిజానికి ఆ కాలం కార్లలో అన్నిటికన్నా తేలిగ్గా బాగుపడేది ఇంజనే. నెలలనూ డబ్బునూ మింగేది రేకు. ఇంటి షెడ్డులో పాత కారు బాగుచేసుకోవాలనుకునేవాళ్ళకు నేను చెప్పే మొదటి మాట ఇదే: బానెట్ తర్వాత ఎత్తవచ్చు, ముందు కారు కింద పడుకుని చూడండి.

ఉదాహరణకు ఫియట్‌నే తీసుకుందాం. మనవాళ్ళు చివరిదాకా ఫియట్ అనే పిలిచిన ఈ కారును బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసింది. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా వచ్చింది, కొన్నాళ్ళు ప్రెసిడెంట్ అయింది, 1974 నుంచి చిత్తోడు రాణి పేరు పెట్టుకుని పద్మిని అయింది. 1089 సీసీ ఇంజన్, స్టీరింగ్ పక్కన గేరు కడ్డీ, వెనక చక్రాలకు శక్తి. అంబాసడర్ ఆఫీసర్లదీ, ఫియట్ డాక్టర్లదీ లాయర్లదీ అని జనంలో ఒక లెక్క ఉండేది. ఇవాళ ఇంట్లో బాగుచేసుకోవడానికి ఇంతకన్నా అనువైన పాత కారు మన దేశంలో లేదని నా అభిప్రాయం. కారణం బొంబాయి టాక్సీ. నలుపూ పసుపూ రంగుల పద్మిని టాక్సీలు 2023 అక్టోబరు దాకా ఆ వీధుల్లో తిరిగాయి. రోజంతా తిరిగే బండికి రోజూ ఏదో ఒకటి అరుగుతుంది కాబట్టి బ్రేకు కప్పులు, క్లచ్ ప్లేట్లు, వాటర్ పంపులు చేసేవాళ్ళు బతికారు. ఆ సరుకు ఇంకా సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ, చెన్నై పుదుపేటలోనూ వెతికితే దొరుకుతుంది. దొరకనిది పాత రేకు. తలుపులూ మడ్‌గార్డులూ తుక్కు కిందే పోయాయి.

రేకు గురించి ఇంత బెంగ ఎందుకంటే, ఫియట్‌కు జీపుకు ఉన్నట్టు విడి చాసిస్ లేదు. నేల రేకు, తలుపుల కింద బారుగా పోయే డబ్బా, స్తంభాలు, పైకప్పు, అన్నీ కలిసి ఒకే గూడుగా బరువు మోస్తాయి. అంబాసడర్‌దీ ఇదే పద్ధతి. కాబట్టి తలుపు కింద డబ్బా తుప్పు తినిందంటే అందం పోవడం కాదు, కారు నడుము పోవడం. జాకీ పెట్టి ఒక పక్క ఎత్తినప్పుడు తలుపు బిగుసుకుపోయినా, దించాక సందు మారినా, పని ముదిరిందని అర్థం.

తుప్పు ఎక్కడ దాక్కుంటుందో తెలిస్తే సగం పని అయినట్టే. నీరు నిలిచే చోటల్లా చూడాలి. తలుపు అడుగున నీరు పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. ఎండుటాకులూ దుమ్మూ చేరి అవి మూసుకుపోతే తలుపు లోపలి నుంచి కుళ్ళుతుంది. బ్యాటరీ కింద పళ్ళెం యాసిడ్‌కు పోతుంది. రబ్బరు చాప కింద పరిచిన జనపనార ఏళ్ళ తరబడి తడి పట్టుకుని ఉంటుంది. ముందు అద్దం రబ్బరు కింద, డిక్కీలో స్టెప్నీ గుంటలో, చక్రాల గూళ్ళ అంచుల్లో కూడా ఇదే కథ. ఊరిని బట్టి కూడా మారుతుంది. విశాఖలోనో కాకినాడలోనో పెరిగిన కారు పైకి మెరుస్తూ అడుగున జల్లెడలా ఉండొచ్చు. అనంతపురం ఎండలో నిలిచిన కారుకు రబ్బర్లు పగిలి, సీట్లు చిట్లి, రంగు పాలిపోయి చూడబుద్ధి కాదు గానీ రేకు గట్టిగా ఉంటుంది. రెండోదే కొనుక్కోండి.

చూడటానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి, కారు పక్కల మీద నెమ్మదిగా జరుపుకుంటూ పోవాలి. ఇనుము ఉన్నచోట అది అంటుకుంటుంది. మందంగా పుట్టీ మెత్తిన చోట జారి చేతిలోకి వచ్చేస్తుంది. ఒక్కోసారి చక్రం గూడు చుట్టూ జానెడు మేర అయస్కాంతం పట్టదు. అంటే అక్కడ ఉన్నది పుట్టీ, కొత్త రంగు, అమ్మినవాడి ధైర్యం. పైన పటారం లోన లొటారం అన్నమాట ఈ కార్లను చూసే పుట్టిందేమో అనిపిస్తుంది. ఆ తర్వాత స్క్రూడ్రైవరు మొనతో అడుగు రేకును గుచ్చి చూడాలి. ఠంగుమంటే సరే, కసుక్కుమంటే కాదు.

కొన్నాక మొదటి పని విప్పడం. విప్పడంలో తొందర పనికిరాదు. ప్రతి దశకూ ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి, బోల్టులు ఏ రంధ్రానివి ఆ రంధ్రానికే తిరిగి రెండు చుట్లు బిగించి ఉంచాలి. పాత మేస్త్రీలు చేసేదదే, పొట్లాలూ చీటీలూ దాని తర్వాతే. పట్టేసిన బోల్టుకు నూనె పోసి రాత్రంతా వదిలేస్తే పొద్దున్న పానాకు లొంగుతుంది. లొంగకపోతే గ్యాస్ మంట చూపించాలి గానీ పానాకు పైపు తొడిగి వేలాడకూడదు. ఇంకొక మాట. కారును ఇటుకల మీద నిలబెట్టి కిందికి దూరేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇటుక చెప్పకుండా పగులుతుంది. ఇనుప స్టాండ్లు కొనుక్కున్నాకే మిగతా సామాను కొనాలి. బ్రేకు డ్రమ్ముల్లోని దుమ్మును గాలి కొట్టి ఊదకూడదు. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, తడిగుడ్డతోనే తుడవాలి.

ఇప్పుడు డబ్బా రేకు మార్చే పని, ఇందులోనే చెయ్యి తెలుస్తుంది. కోసేముందు తలుపుల సందులు కొలిచి రాసుకోవాలి. తలుపు తీసిన చోట ఇనుప పైపును అడ్డంగా, ఏటవాలుగా వెల్డింగు పెట్టి గూడు కుంగకుండా బిగించాలి. ఆ తర్వాతే కటింగ్, అదీ ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క. పైపులు పెట్టకుండా రెండు పక్కలా ఒకేసారి కోసిన కారు మధ్యలో వంగిపోయి, ఇక దాని తలుపులు జన్మలో సరిగ్గా పడవు. తుప్పును మెరిసే ఇనుము కనబడేదాకా కోసేయాలి. తుప్పు రేకు మీదే కొత్త రేకు అతికించడం పుండు మానకుండా పైన చర్మం కప్పడం లాంటిది. రెండిటి మధ్య చేరిన తడి కొత్తదాన్ని కూడా తినేస్తుంది. కొత్త ముక్కకు ముందు అట్టతో నమూనా కత్తిరించుకోవాలి. పాత శుభలేఖల అట్ట ఇందుకు భేషుగ్గా పనికొస్తుంది, వంగుతుంది గానీ నలగదు. ఆ కొలతకు సుమారు 20 గేజి రేకును యాంగిల్ ఇనుము మీద వంచి, అక్కడక్కడ చుక్కలు పెట్టి అతికించి, ఒక చివర ఒక చుక్క, రెండో చివర ఇంకో చుక్కగా తిరుగుతూ పూర్తిచెయ్యాలి. వరసగా గీత గీసినట్టు వెల్డింగు లాగితే వేడికి రేకు అలలు తిరుగుతుంది. ఇదంతా మొదలుపెట్టే ముందే పెట్రోలు ట్యాంకు, సీట్లు, జనపనార బయటికి పోవాలి, పక్కన మంటలార్పే సిలిండరు ఉండాలి. చివరగా డబ్బా లోపల మైనం లాంటి తుప్పు నిరోధక ద్రవం చిమ్మి, నీరు కారే రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో మళ్ళీ చూసుకోవాలి.

చిన్న సామాను తుప్పుకు మాత్రం ఇంట్లోనే చక్కటి దారి ఉంది. ప్లాస్టిక్ బకెట్లో నీళ్ళు, గుప్పెడు బట్టల సోడా, బ్యాటరీ ఛార్జరు. తుప్పు వస్తువుకు నెగెటివ్, పక్కన వేలాడదీసిన పనికిరాని ఇనుప ముక్కకు పాజిటివ్. తెల్లారేసరికి బ్రాకెట్లు, కీళ్ళు శుభ్రంగా వస్తాయి. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు చెంచా పెట్టకండి, నీళ్ళలోకి విషపు క్రోమియం దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి తలుపులు వేసిన గదిలో కూడా పెట్టకండి.

సొట్టలు తీయడం వేరే విద్య. మన షెడ్లలో దీన్ని టింకరింగ్ అంటారు. సుత్తి ఒక చేతిలో, రేకు వెనక డాలీ అనే ఉక్కు దిమ్మ రెండో చేతిలో. ఉబ్బు మీద సుత్తి పడేటప్పుడు డాలీ దాని పక్కన పల్లం కింద ఉండాలి. సుత్తి దెబ్బకు ఉబ్బు దిగుతుంది, డాలీ ఎదురు తాకిడికి పల్లం లేస్తుంది. సుత్తికి సరిగ్గా కిందే డాలీ పెట్టి కొడితే రేకు నలిగి సాగుతుంది. సాగిన రేకు నొక్కితే లోపలికీ బయటికీ డప్పులా ఊగుతుంది. అప్పుడు రూపాయి బిళ్ళంత చోటును ఎర్రగా కాల్చి, చుట్టూ చిన్నగా తట్టి, తడిగుడ్డ అద్దుతారు. చల్లారేటప్పుడు ఇనుము కుంచించుకుని రేకు బిగుస్తుంది. మంచి టింకరు కంటితో చూసేకన్నా ఎక్కువగా తడిమి చూస్తాడు, అరచేతికి పల్చటి గుడ్డ వేసుకుని రేకు వెంట పొడుగునా నిమురుతాడు. అర మిల్లీమీటరు పల్లం కూడా చేతికి తెలుస్తుంది. పుట్టీ అనేది ఈ పనయ్యాక మిగిలిన గీతలకు. రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే అది సోమరితనమే.

ఇంజన్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఏళ్ళ తరబడి ఆగిపోయిన ఇంజన్‌ను సెల్ఫ్ కొట్టి తిప్పకూడదు, ప్లగ్గులు విప్పి సిలిండర్లలో డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి, నానాక కప్పీ బోల్టుకు పానా వేసి చేత్తోనే కదపాలి. బోరు అరిగితే లేత్ షాపులో రీబోరింగు, కొత్త పిస్టన్లు. బ్రేకులు మాత్రం ఇంజన్ కన్నా ముందు చెయ్యాలి. ఆ కాలపు కార్లలో చాలావాటికి నాలుగు చక్రాల బ్రేకులూ ఒకే ఆయిల్ లైను మీద ఆధారపడతాయి. ఒక చోట కారితే నాలుగూ పోయినట్టే. పెట్రోలు గొట్టాలు కూడా మార్చాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసినది, పాత రబ్బరు దానికి తట్టుకోదు.

రంగు కొట్టేముందు ఒక చిన్న చిట్కా. ప్రైమర్ ఆరాక దాని మీద నల్లరంగును మంచులా పల్చగా చల్లి, చెక్క దిమ్మకు ఉప్పుకాగితం చుట్టి రుద్దాలి. గట్టుల మీద నలుపు పోతుంది, గుంటల్లో మిగులుతుంది. తప్పు ఎక్కడుందో రేకే చూపిస్తుంది. పాతకాలపు ఎన్సీ (నైట్రోసెల్యులోజ్) రంగు వానాకాలంలో కొడితే గాలిలో తడికి పూత తెల్లబారుతుంది. గట్టిపడే మందు కలిపే ఇప్పటి రంగుల ఆవిరి ఊపిరితిత్తులకు ప్రమాదం, చేతిరుమాలు కట్టుకుంటే సరిపోదు. ఈ ఒక్క పనీ షెడ్డుకు అప్పగిస్తే తప్పేమీ లేదని నేనంటాను.

ఇక మార్పులు. తన కారు తనలా ఉండాలని ఎవరికుండదు? నేను పెట్టుకున్న గీత ఒక్కటే: వెనక్కి తీసేయగలిగినది చెయ్యవచ్చు, రేకు కోసేది కాదు. డైనమో బదులు ఆల్టర్నేటర్, డిస్ట్రిబ్యూటర్ మూత కింద కనబడకుండా ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, హెడ్‌లైట్లకు రిలే, సీటుబెల్టులు, సీట్లకు పాత కుట్టు పద్ధతిలోనే కొత్త రెగ్జిన్. ఇవన్నీ నడిపేవాడికి సుఖం, రేపు ఎవరైనా పానాతో విప్పేసి పాత సామాను పెట్టుకోవచ్చు. ఫియట్‌కు ఏసీ పెట్టడం కోసం ఇంజన్ వెనక గోడ కోసి, వెడల్పు టైర్ల కోసం చక్రాల గూళ్ళు నరికి, గేరు కడ్డీ కిందికి దించడానికి నేల రేకులో కన్నం పెట్టిన కార్లు చూస్తుంటాం. అది కారును బాగుచేయడం కాదు, పేరు మిగిల్చి కారును మార్చేయడం.

చట్టం కూడా ఇటువైపే ఉంది. తయారీదారు నిర్దేశించిన నమూనాకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే ఖాయం చేసింది. రంగు మార్చినా ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడి రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్ళు దాటి, చాసిస్‌లో గానీ, బాడీ గూటిలో గానీ, ఇంజన్‌లో గానీ పెద్ద మార్పులు లేని బండికి వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు. కొత్తదానికి 20,000 రూపాయల రుసుము, పదేళ్ళ గడువు. రోజువారీ వాడకానికి మాత్రం వీల్లేదు. 1974 నాటి తొలి పద్మినులకు ఇప్పుడు ఆ యాభై నిండాయి. నేల రేకుకు కన్నం పెట్టిన కారు ఈ వరసలో నిలబడటం కష్టం.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూసి మురిసిపోతాం. అలాంటి కార్లకు సంస్థలు, నిపుణులు, డబ్బు ఉన్నాయి. ఫియట్‌కు ఉన్నది రోడ్డు పక్క టింకరే, అతనూ తగ్గిపోతున్నాడు. ఇన్సూరెన్సు షెడ్లలో ఇప్పుడు సొట్ట తీయరు, తలుపే మార్చేస్తారు. గంటకు ఎంత అనే లెక్కలో సుత్తి పని గిట్టదు. అందుకని ఈ విద్య మీద మనసున్నవాళ్ళు తమ కారు మీద మొదలుపెట్టకుండా, తుక్కు కొట్లో కిలోల లెక్కన ఒక పాత మడ్‌గార్డు కొని, పేటలో పెద్దవయసు టింకరు దగ్గరికి పట్టుకెళ్ళాలి. "బాబాయ్, ఇది నేను కొడతాను, తప్పు కొట్టినప్పుడు చెప్పండి" అని అడిగి, ఆయన ఆ పూట పోగొట్టుకునే కూలి ముందే చేతిలో పెట్టాలి. మొదట డాలీ పట్టుకోవడం నేర్పిస్తాడు. సుత్తి చేతికివ్వడానికి ఆయనకు ఇంకొంచెం నమ్మకం కుదరాలి.