కాఫీ తొక్కను మట్టిలో కలిపే నేర్పు

అరకులోయ, అనంతగిరి కొండవాలుల్లో సిల్వర్ ఓక్ నీడన అరబికా కాఫీ పండించే గిరిజన రైతుల పనితనాన్ని కప్పులోని రుచితో కొలవడం పరిపాటి గానీ, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ కాఫీకి ఆధారమైన మట్టిని ఏటా తిరిగి నిలబెట్టే శ్రమను మెచ్చుకున్నవారు తక్కువ. పల్పర్ యంత్రంలో గింజను వేరుచేశాక మిగిలే తొక్క పండు బరువులో సుమారు 40 శాతం ఉంటుంది. దాన్ని పచ్చిగా పాదులో వేస్తే వేడెక్కి వేళ్లను దెబ్బతీస్తుంది, వాగులో పారబోస్తే నీటిని చెరుపుతుంది. అందుకే ఎండుటాకులు, పేడతో కలిపి పొరలుగా పేర్చి, నడుమ తిరగేస్తూ కంపోస్టుగా, అంటే సూక్ష్మజీవులు జీర్ణం చేసిన ఎరువుగా, మాగబెడతారు. గుప్పెట పట్టి పిండితే ముద్దకట్టి, నీరు మాత్రం కారకుంటే తేమ సరిపోయినట్టు. కుప్ప వేడి చల్లారి, పుల్లని వాసన పోయి అడవి నేల వాసన వస్తే మాగినట్టు. నర్సరీ సంచిలోని మొక్కకైతే జల్లించిన అడవి మట్టి 6 పాళ్లు, మాగిన పశువుల ఎరువు 2 పాళ్లు, సన్న ఇసుక 1 పాలు కలపాలన్నది కాఫీ బోర్డు సిఫారసు. ఆ కాస్త ఇసుకే నీరు నిలవకుండా చూసి వేరుకు గాలి అందిస్తుంది. ప్రతి వానకూ పైమట్టి కొంత జారిపోయే వాలు నేలలో, తోటలో పుట్టిన సరుకుతోనే ఆ లోటు పూడ్చే ఈ పద్ధతి కొనితెచ్చే బస్తా ఎరువుకన్నా మేలైనదే.